తాత పళ్లెం, బాసి సూది

బంతాయ్,
నవంబరు, వాన వెలిసిన మధ్యాహ్నం.

అమ్మా,

నీ చెయ్యి నా నుదుటికి ఆనించుకున్నట్టుగా అనుకుని మొదలుపెడుతున్నాను. ఇక్కడ మనుషులం బాగానే ఉన్నాం. మిలాన్‌లో చలి మొదలైందని అన్నావు. నువ్వు చూసుకునే ఆ ముసలావిడను లేవదీసేటప్పుడు నీ నడుము జాగ్రత్త.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోన్ మోగగానే మీ అమ్మ లిలాంగ్ కుర్చీ జరుపుకుని నా పక్కకు వచ్చేస్తుంది. ఆవిడ వినకూడని మాట ఒకటుంది. అందుకే ఇది.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. తుఫానుకు లేచిన వంటింటి రేకు బిగించాం. లిలాంగ్ మోకాళ్లు అలాగే ఉన్నాయి, నోరు కూడా అలాగే ఉంది. తెల్లవారుజామున చర్చి పూజకు నడిచే వెళ్తుంది. పక్కింటి మనాంగ్ పెర్లా నిన్ను అడిగింది. నేను ఊళ్లో లేని రోజు బాసికి సూది వేయడం నేర్చుకోమని ఆవిడను బతిమాలాను. "సూది నాకు చూపించకే తల్లీ, కుక్క బతుకుతుంది, నేను పోతాను," అంది. సిరంజి మూత తీసేలోపే గుమ్మం దాటింది.

ఇక బాసి. చక్కెర దిగిందా అని అడిగావు. దిగింది. ఎలా దిగిందో చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

వాడికి ఒక్క చక్కెర జబ్బయితే ఎలాగో నెట్టుకురావచ్చు. మూత్రపిండాల మీద ఉండే గ్రంథి అతిగా పనిచేస్తోందిట. దానివల్ల ఇన్సులిన్ సరిగా పట్టదు. దానికో మాత్ర. ఆ పైన క్లోమం వాపు, కొవ్వు తగిలితే కడుపు పట్టుకుని వణికిపోతాడు. ఒక జబ్బుకు మంచిదనుకున్నది ఇంకో జబ్బుకు పడదు. అందుకని చర్మం తీసిన కోడి, గుమ్మడికాయ, ఉప్పు లేకుండా ఉడికించి పెడతాను. పొద్దున తిన్నాక ఒక సూది, సాయంత్రం తిన్నాక ఒక సూది. తినకపోతే సూది మోతాదు మారాలి. ఆలస్యం కాకూడదు. చూపు ఎప్పుడో పోయింది. నేను లావోగ్ వెళ్లినా సాయంత్రానికి ఇంటికి చేరాల్సిందే. బస్సు ఎక్కగానే తిరుగు బస్సు గురించి ఆలోచిస్తాను.

ఇంత చేసినా చక్కెర దిగలేదు. పశువైద్యురాలు డాక్టర్ అగ్బయానీ ఇన్సులిన్ పెంచారు. మళ్లీ పెంచారు. ఆ గ్రంథే కారణమన్నారు. ఒకసారి లిలాంగ్ వైపు తిరిగి, "అమ్మగారూ, చాటుగా ఏమైనా పెడుతున్నారా?" అని అడిగారు.

"మేరీమాత మీద ఒట్టు, ఒక్క మెతుకు పెట్టలేదు," అంది లిలాంగ్. ఇంటికొచ్చేదాకా ఆ అమ్మాయి చదువును, చెప్పులను, జుట్టును తిడుతూనే ఉంది. ఆవిడ చెప్పింది నిజమేనమ్మా. బాసికి పెట్టలేదు. తాతకు పెట్టింది.

తాత పోయాక లిలాంగ్ ఎలా అన్నం మానేసిందో నీకు తెలుసు. తరవాత ఆయన కలలోకి వచ్చి ఆకలి అన్నాడని, రోజూ పళ్లెం పెట్టడం మొదలుపెట్టింది. అందరూ పోయినవాళ్లకు పండక్కో, ఒంట్లో బాగోనప్పుడో పెడతారు. ఈవిడ రోజూ. పూజకు వెళ్లేముందు తాత కుర్చీ పక్కన పొట్టి పీట మీద అరటాకులో కాల్చిన బియ్యప్పిండి తుపిగ్, ఆయనకు ఇష్టమని బెల్లం, కొబ్బరి దండిగా వేసి. తిరిగొచ్చేసరికి పళ్లెం ఖాళీ. నేను వంటింట్లో కోడిని ఉడికిస్తూ పట్టించుకోలేదు. లిలాంగే తీసిందనుకున్నాను. ఆవిడ తాత తిన్నాడనుకుంది. మన వీధిలో ఎవరింటా పళ్లెం ఖాళీ కాదు. దాంతో మనాంగ్ పెర్లాను నిలబెట్టి మరీ అంటుంది:

"మీ ఆయన ముట్టడేమే? నీ వంట బతికుండగానే నచ్చేది కాదు పాపం."

"మా ఆయన మర్యాదస్తుడు, ఆవురావురుమనడు," అంటుంది ఆవిడ.

అప్పటినుంచే లిలాంగ్ మళ్లీ అన్నం తింటోంది. నిద్రపోతోంది.

ఆత్మల పండగ నాడు పళ్లెం ఇంట్లో పెట్టలేదు. అన్నీ బుట్టలో సర్దుకుని సమాధి దగ్గరికే తీసుకెళ్లింది. బాసి కోసం నేను ఇంట్లో ఉండిపోయాను. పెంచిన ఇన్సులిన్ ఎప్పటిలాగే వేశాను. కాసేపటికి వాడు గోడకు తల ఆనించి నిలబడ్డాడు. కాళ్లు తేలిపోయాయి. పడిపోయి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. డాక్టర్ కూడా వాళ్ల నాన్న సమాధి దగ్గరే ఉన్నారు. చుట్టూ పాటలు, పిల్లల అరుపులు. "చెరకు పాకం చిగుళ్లకు రాయి! పళ్ల మధ్య వేలు పెట్టకు!" అని ఫోన్‌లో అరిచారు. రాశాను. పాకం సీసా మూత తిప్పుతున్నప్పుడు, అమ్మా, నాకు నేను ఎక్కలేకపోతున్న బాగియో బస్సు గుర్తొచ్చింది. చెయ్యి ఆగలేదు. గుర్తొచ్చింది, అంతే.

వాడు లేచి నా వేళ్లు నాకాడు.

"ఇవాళ ఏం తేడా జరిగింది?" అని డాక్టర్ అడిగారు. తేడా ఒక్కటే. మర్నాడు లిలాంగ్ పూజకు వెళ్లాక మెట్ల మీద కూర్చున్నాను. బాసి గుడ్డివాడు, అయినా కుర్చీకి కూడా తగలకుండా పీట దగ్గరికి నడిచాడు. తుపిగ్ తిన్నాడు. ఆకు నాకాడు. తాత పాదాలు ఉండే చోట పడుకున్నాడు.

లిలాంగ్ వచ్చి పళ్లెం చూసి, "వచ్చాడే మీ తాత," అంది.

డాక్టర్‌కు చెప్పాను. ఆమె మోతాదు తగ్గించి, ఆ పళ్లెం మాత్రం ఆగాలన్నారు. పైన దేవుడి అరలో పెడదామన్నాను లిలాంగ్‌తో. "మీ తాతకు కాళ్ల నొప్పులు. అంతెత్తు ఎక్కుతాడా?" అంది. బాసిని వంటింట్లో పెట్టి గడియ వేశాను. ఆ రోజు పళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉంది, చీమలు పట్టాయి. లిలాంగ్ దాని ఎదురుగా కూర్చుని, "నామీద కోపమొచ్చింది ఆయనకి," అంది. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. రాత్రీ ముట్టలేదు. ఆవిడ నీ కన్నతల్లి. నిజం చెబితే ఇక ఎప్పటికీ తినదేమో.

అప్పటినుంచి తాత పళ్లెం నేను తింటున్నానమ్మా.

చీకటి విడవకముందే, వంటింట్లో బాసి తలుపు గీకుతుంటే, తాత కుర్చీ పక్కన నేల మీద కూర్చుని చల్లారిపోయిన తుపిగ్ తింటాను. ఇది పాపమో కాదో కాన్వెంట్‌లో సిస్టర్లు మాకు చెప్పలేదు. తిన్నాక వచ్చి వాడికి కోడి పెట్టి, సూది వేస్తాను. వాడి చక్కెర దిగింది. డాక్టర్ మెచ్చుకున్నారు.

నీ గురించి ఒక్క ముక్కా చెప్పవేమని క్రితంసారి ఫోన్‌లో కోప్పడ్డావు. బాగియోలో సిస్టర్ బెనెడిక్టా వాళ్ల కాలేజీ గ్రంథాలయంలో నాకో ఉద్యోగం చూసి ఉంచారు. కిటికీ పక్క బల్ల, పైన్ చెట్లు కనిపిస్తాయిట. క్రిస్మస్ ముందు ఆగమన కాలం మొదలయ్యేలోగా జవాబివ్వాలి. బాసి పోతే తప్ప వెళ్లలేనని ఇన్నాళ్లూ అనుకున్నాను, అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను. ఇప్పుడు వాడు బాగానే ఉన్నాడు. నేను బాగా చూసుకున్నకొద్దీ నాకు ఇల్లు కదిలే వీలు లేకుండా పోతోంది.

నిన్న లిలాంగ్ పీట దగ్గర చాలాసేపు నిలబడింది. చేతిలో ఖాళీ ఆకు. తిన్నాక దాన్ని నేను అలవాటుకొద్దీ నాలుగు మడతలు పెట్టి పళ్లెం అంచున ఉంచాను. కాన్వెంట్ భోజనశాలలో అలాగే నేర్పారు.

"బతికున్నన్నాళ్లూ తిన్న ఆకు కిటికీలోంచి విసిరేసిన మనిషి," అంది. "చచ్చాక మడత పెట్టడం నేర్చుకున్నాడు."

నేను బాసి గిన్నె కడగడం మొదలుపెట్టాను.

"సిస్టర్ల దగ్గర చేరాడేమో," అంది. ఆకు పళ్లెంలో పెట్టి, "రేపట్నుంచి కొబ్బరి తగ్గిస్తాలే. నీకు అరగదు," అంది.

తెలిసిపోయిందమ్మా. తెలిస్తే తలుపు తెరుచుకుంటుందనుకున్నాను. ఆవిడ నా తల నిమిరి, "నువ్వున్నన్నాళ్లూ ఆయనకి ఆకలి తెలీదు," అంది. ఈ పొద్దున పళ్లెంలో రెండు తుపిగ్‌లు ఉన్నాయి.

నువ్వు ఉండమంటే ఉంటాను. ఏమీ అనకపోయినా ఉంటాను, నా సంగతి నీకు తెలుసు. అందుకే అడుగుతున్నాను. వెళ్లమని నాకు కాదు, లిలాంగ్‌కు చెప్పు. ఫోన్‌లోనే చెప్పు, ఆవిడ కుర్చీ జరుపుకుని దగ్గరికి వచ్చాక, నేను పక్కనుండగానే. సూది వేయడానికి పట్టణం నుంచి రోజూ రెండుపూటలా మనిషి వస్తాడని డాక్టర్ అన్నారు. పళ్లెం సంగతి ఏం చేయాలో మాత్రం నాకు తెలియదు.

రాస్తూ రాస్తూ సాయంత్రమైంది. ఫ్రిజ్ దగ్గర గోళ్ల చప్పుడు. సూది వేళకు బాసి వచ్చి నిలబడ్డాడు. పిలవకుండానే వస్తాడు, తనే మెడ వంచి ఇస్తాడు. ఈమధ్య అది చూస్తే నాకు భయం వేస్తోంది. ఇక ఆపుతాను.

ఇట్లు,
ఇంకా ఈ ఇంట్లోనే ఉన్న నీ కూతురు,
సెరఫీనా