నిఖిలకి నేను వేసిన మార్కులు

పుంగ్గోల్, సింగపూర్,
ఆదివారం మధ్యాహ్నం.

సౌభాగ్యవతి భానుమతికి,

ఇక్కడ నేనూ నిఖిలా ఒంట్లో కులాసాగానే ఉన్నాం. ‘ఒంట్లో’ అని ప్రత్యేకంగా ఎందుకు రాశానో ముందుకెళ్తే నీకే తెలుస్తుంది. అక్కడ బాలింత మీ చెల్లి అరుణశ్రీ, బుల్లి మారాజు, అత్తయ్యగారు, వాళ్ళందరికీ చాకిరీ చేస్తున్న నువ్వూ కులాసా అని తలుస్తాను.

మా ఓడల యార్డులో పనిచేసే బాబ్జీ సెలవు నుంచి తిరిగొస్తూ నీ ఉత్తరం, గోంగూర పచ్చడి సీసా పట్టుకొచ్చి ఇచ్చాడు. సీసా మూత దగ్గర నూనె కారి ఉత్తరం రెండో పేజీ మీద పడింది గానీ అక్షరాలు పోలేదు. చేతిలో ఫోను పెట్టుకుని ఈ ఉత్తరాలేంటి రాజుగారూ అని ఒకటే నవ్వాడు. వాడికేం తెలుసు! మీ ఇంట్లో ఫోను మోగిందంటే స్పీకర్లో పెట్టి పురిటి గది మధ్యలో పెడతారు. ఇక్కడ చూస్తే నిఖిల నా మోచేతి పక్కనే ఉంటుంది. మొగుడూ పెళ్ళాం ఒక ముక్క విడిగా మాట్లాడుకోవాలంటే మనకి కాగితమే గతి.

మిక్సీ బాగానే తిరుగుతోంది. కారిడార్లో కరివేపాకు మొక్క బతికే ఉంది, రెండు కొత్త రెమ్మలు కూడా వేసింది. ఇడ్లీ పిండి ఒకసారి పులిసిపోతే అట్లు పోశాను, నిఖిల వంక పెట్టకుండా తినేసింది. పిల్లాడు బొద్దుగా ఉన్నాడని పక్కింటావిడ అన్నందుకు అత్తయ్యగారు రెండుసార్లు ఉప్పు దిగదుడిచారని రాశావు. మంచి పని చేశారు. నిఖిల పుట్టినప్పుడు ఎవరైనా చూడ్డానికొస్తే ‘ఏదోలెండి, నల్లగా, పీలగా ఉంది’ అని నేనే ముందు అనేసేవాణ్ణి, గుర్తుందా? నువ్వు లోపలికెళ్ళి ఏడ్చేదానివి.

అత్తయ్యగారు అడిగినదానికి కూడా చెప్పు. ఫుట్‌బాల్ అంటే కాళ్ళతో తన్నాలి గదా, మన పిల్ల చేత్తో విసురుతుందేంటి, ఆట రాకనా అని అడిగారట. ఇది వేరే ఫుట్‌బాల్. బంతి ఒలిచిన కొబ్బరికాయలా ఉంటుంది. జట్టుకి ఐదుగురు. ఒకళ్ళనొకళ్ళు తోసుకోవడం, పడేయడం ఉండదు. నడుముకి రిబ్బన్లు వేలాడుతుంటాయి, బంతి పట్టుకున్న పిల్ల రిబ్బను లాగేస్తే ఆ విడత అక్కడితో ఆగిపోతుంది. మన నిఖిలది క్వార్టర్‌బ్యాక్ స్థానం. అంటే బంతి ముందు దాని చేతికే వస్తుంది. ఏడు సెకండ్లలో ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి వాళ్ళకి విసరాలి. ఈలోగా ఎదుటి జట్టు పిల్ల ఒకత్తి దాని మీదికి పరిగెత్తుకొస్తుంటుంది. ఆట రాకపోతే ఆ చోట నిలబెట్టరని అత్తయ్యగారికి గట్టిగా చెప్పు.

ఇక ఆ నూనె మరకల పేజీలో నువ్వు అడిగింది. ‘కౌలాలంపూర్ వెళ్ళే జట్టులో తన పేరు లేదని పిల్ల ఫోనులో ఏడ్చిందండీ. వచ్చే ఏడాది పదో తరగతి ఓ-లెవెల్ పరీక్షలు. మీరు ప్రతి ఆటా చూస్తారు కదా, నిజం చెప్పండి, దాంట్లో సరుకుందా? లేదంటే నేనొచ్చి మాన్పించేస్తాను’ అని రాశావు. నువ్వు అన్నంత పనీ చేస్తావని నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరానికి నాలుగు కాగితాలు పాడుచేశాను, ఇది ఐదోది.

క్లబ్బులో నా సంగతి నీకు తెలిసిందే. గట్టు మీద మూడు కాళ్ళ స్టాండు వేసి ఆటంతా వీడియో తీస్తాను. ఊరికే తీయడం చేతకాక, యార్డులో వెల్డింగులు తనిఖీ చేసి రాసినట్టే, ప్రతి విసురూ ఒక పుస్తకంలో రాస్తాను. ఎటు విసిరింది, ఎవరు ఖాళీగా ఉన్నారు, బంతి ముందు పడిందా వెనక పడిందా. కోచ్ డెరిక్‌కి ఆ పుస్తకమంటే ప్రాణం. నలుగురిలో నన్ను ‘ఇన్‌స్పెక్టర్ అంకుల్’ అంటాడు. నేను సంతకం పెడితే పెట్టినట్టే, కొట్టేస్తే కొట్టేసినట్టే అని యార్డులో నాకున్న పేరు అక్కడిదాకా పాకింది. నాకూ కాస్త గర్వంగానే ఉండేది, దాచడమెందుకు.

ఏప్రిల్‌లో ఆ కోచ్ తల్లిదండ్రులందరికీ ఒక షీటు పంచాడు. పిల్లల్ని ఇంట్లో చూసేది మీరే కాబట్టి మీ బిడ్డకి మీరే మార్కులు వేయండి అన్నాడు. చెయ్యి బలం, గురి, నిర్ణయం, కష్టపడే గుణం, ఓడిపోతే తట్టుకోవడం, ఇలా పది. ఒక్కోదానికి పదికి ఇన్ని అని. కింద ఒక ప్రశ్న: మూడేళ్ళ తర్వాత మీ బిడ్డ ఎక్కడుంటుందని అనుకుంటున్నారు?

ఆ షీటులో నేనేం రాశానో ఇంతవరకూ నీకు చెప్పలేదు భానూ. ఐదు, ఐదు, నాలుగు, ఐదు, పదింటికీ ఇదే వరస. కింద ప్రశ్నకి, ‘ఇంకా చాలా నేర్చుకోవాలి. అంతా దేవుడి దయ’ అని రాసి సంతకం పెట్టాను.

నిజంగా అంతే అనిపించి వేసిన మార్కులు కావవి. మన బిడ్డని మనమే పొగుడుకుంటే ఏం బావుంటుంది? మనమెప్పుడైనా పొగిడామా? మా నాన్నగారు నన్ను పొగడలేదు, మీ నాన్నగారు నిన్ను పొగడలేదు. ఐదు వేస్తే చూసినవాళ్ళే ‘అయ్యో, అదేంటండీ, మీ అమ్మాయి బాగా ఆడుతుందిగా’ అంటారని చెయ్యి దానంతటదే ఐదు రాసేసింది. ఇంటికొచ్చినవాళ్ళ ముందు కూర బాగా కుదరలేదండీ అంటాం చూడు, అలాగన్నమాట. ఆ కాగితం చదివేవాడు మనవాడు కాదన్న సంగతి నాకు తట్టలేదు.

మే నెలలో జాబితా వచ్చింది. క్వార్టర్‌బ్యాక్‌గా షువెన్ అనే పిల్ల పేరుంది. మనది లేదు. షువెన్ మంచి ఆటగత్తె, ఆ పిల్లనేమీ అనను. కానీ నా పుస్తకం ప్రకారం చూస్తే ఇద్దరూ సరిసమానం. ఉండబట్టలేక కోచ్‌ని పక్కకి పిలిచి అడిగాను. అతను నా షీటు తీసి చూపించాడు.

“అంకుల్, ఫీల్డ్‌లో ఇద్దరూ సేమ్. అందుకే పేరెంట్స్ షీట్ చూశాను. మిగతా పేరెంట్స్ అందరూ నైన్, టెన్ రాస్తారు, నేను టూ కట్ చేస్తా. మీది ఒక్క మార్కు కూడా కట్ చేయలేదు. యూ ఆర్ ఇన్‌స్పెక్టర్, వాట్. యూ రైట్ ఫైవ్, ఐ బిలీవ్ ఫైవ్ లా” అన్నాడు, మాట చివర ఇక్కడివాళ్ళ ‘లా’ తగిలించి.

అది మా పద్ధతయ్యా, మర్యాదకి అలా రాస్తాం అని చెప్పబోతే ఇంగ్లీషులో ఆ ముక్క ఎలా చెప్పాలో తెలియలేదు. చివరికి “దట్ ఫైవ్ ఈజ్ నాట్ ట్రూ” అన్నాను. అతను నన్ను వింతగా చూసి, “దెన్ వై యూ సైన్?” అని అడిగాడు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో నా సంతకం గురించి నన్ను ఎవరూ అలా అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను భానూ.

జాబితా వెళ్ళిపోయింది, ఇక మార్చడానికి లేదన్నాడు. ఆగస్టులో మళ్ళీ ఎంపిక ఉంది, ఈసారి నిజంగా చూసింది రాసివ్వండి అన్నాడు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, లేకపోతే ఈ ఉత్తరం కూడా ఆ షీటు లాంటిదే అవుతుంది. ఐదు వేసినప్పుడు నా చేత వేయించింది వినయమొక్కటే కాదు. ఇది జట్టులోకి వెళ్తే చదువు సంగతేంటి, నువ్వు ఒప్పుకుంటావా, రేపు ఎండలో ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే మనవాళ్ళు ఏమంటారు అని లోపల ఓ మూల భయం. పేరు రాకపోతే ఆ గొడవలన్నీ వాటంతటవే తేలిపోతాయి కదా అని కూడా అనిపించింది. ఒక్క క్షణమే. అయినా అనిపించింది.

పక్క బ్లాకు మాజిదాకి చెప్పుకున్నాను. వాళ్ళ ఉమైమా మన పిల్ల జట్టే కదా. ఆవిడ నెత్తి కొట్టుకుని, “అరె అన్నా! దిష్టి తగుల్తదని భయమైతే పక్కన మాషా అల్లా అని రాసి పది ఎయ్యాలె. గిట్ల ఐదు ఎవరన్నా ఏస్తరా?” అంది. తర్వాత నవ్వడం ఆపి, “నిఖిలకి చెప్పిన్రా?” అని అడిగింది. చెప్పలేదన్నాను. “ఇయ్యాలే చెప్పుండ్రి” అంది.

ఆ సాయంత్రమే చెప్పాను. నిఖిల బూట్లు తుడుచుకుంటోంది. అంతా విని, మార్కులు ఒక్కొక్కటీ అడిగింది. గురి ఐదు అంటే ఎడమ బూటు తుడిచింది. నిర్ణయం నాలుగు అంటే కుడిది అందుకుంది. కష్టపడే గుణం ఐదు అనేసరికి తలెత్తింది.

“హార్డ్ వర్క్‌కి ఐదా? ఎవ్రీ సాటర్‌డే ఐదున్నరకి లేస్తాను నాన్నా. నువ్వే కదా పాలు కలిపిస్తావు!”

“మన పద్ధతి అలాంటిదమ్మా, మన పిల్లల్ని మనం...”

“కోచ్‌కి మన పద్ధతి ఏం తెలుసు లా? నాకే తెలీదు!” అంది. “నేను నిజంగానే ఐదు అనుకున్నా. ఆల్ దిస్ వైల్, నువ్వు ఏమీ అనకపోతే, నేను ఐదేమో అనుకున్నా.”

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పెట్టింది తినేది, గిన్నె కడిగేది, ‘ఓకే’ అనేది. నువ్వు అలిగినా ఇంతకంటే నయం, గిన్నెల చప్పుడైనా వినిపిస్తుంది.

ఆ రెండు రోజుల్లోనే నేను కొత్త షీటు రాయడం మొదలుపెట్టాను. పది వేసేస్తే సరిపోతుందా? అదింకో అబద్ధం. పుస్తకం ముందేసుకుని, పాత వీడియోలన్నీ చూశాను. అందులో నాకు కనిపించిందే నీ ప్రశ్నకి జవాబు.

చెయ్యి బలం ఆరు. ముప్పై గజాలు విసురుతుంది, ఎదురుగాలిలో ఇరవై దాటదు. ఇంకా కొంత పెరగొచ్చు. ఎత్తు మన రెండువైపులా లేదు, కాబట్టి అది పెరుగుతుందని అబద్ధం చెప్పలేను. ముందున్నవాళ్ళు అడ్డొస్తే పక్కకి ఒక అడుగు వేసి చూడటం నేర్చుకోవాలి. మీదికి ఎవరైనా పరిగెత్తుకొస్తుంటే బరువంతా వెనక కాలి మీదికి వెళ్ళిపోతుంది, అప్పుడు బంతి తేలిపోతుంది. అక్కడ ఐదే. కానీ నిర్ణయం చూడు. జనవరిలో బంతి అందగానే దాని కళ్ళు ఉమైమా కోసమే వెతికేవి. స్నేహితురాలు కదా, ఖాళీగా ఉన్నా లేకపోయినా ఆ పిల్లకే విసిరేది. ఎదుటివాళ్ళు ఇట్టే పసిగట్టేసేవారు. మేలో అదే పిల్ల ఎడమవైపు ఉమైమాని చూస్తున్నట్టు నటించి, అటు నలుగుర్నీ లాగి, కుడివైపు విసిరింది. ఇది ఎవరూ నేర్పలేదట, కోచ్‌ని అడిగాను. ఎనిమిది వేశాను. కష్టపడే గుణానికి తొమ్మిది. ఓడిన రోజు చిన్నపిల్లలకి నీళ్ళ సీసాలు అందించి తర్వాత తను తాగింది, దానికి ఏ గడిలో వేయాలో తెలియక పక్కన రాశాను.

మూడేళ్ళ తర్వాత ఎక్కడుంటుంది? ‘చెయ్యి ఎంతవరకు ఎదుగుతుందో చెప్పగలను. చూపు ఎంతవరకు ఎదుగుతుందో చెప్పలేను, ఇంకా ప్రతి నెలా పెరుగుతూనే ఉంది. అది ఆగేదాకా ఈ పిల్లకి హద్దు గీయొద్దు’ అని రాశాను. సంతకం పెట్టాను. ఇది నీకు కూడా రాసినట్టే అనుకో. దాన్ని మాన్పించొద్దు భానూ. చదువు పాడవకుండా చూసే పూచీ నాది, లెక్కలు రోజూ నేనే చెబుతాను.

లోపాల గడిలో ఒకటి రాశాను: ‘బంతి తప్పిపోయిన ప్రతిసారీ గట్టువైపు చూస్తుంది. తర్వాతి విడతకి సర్దుకోవడానికి ఒక సెకండు పోతోంది. నిలకడ తక్కువ.’

నిన్న కోచ్‌కి ఇచ్చే ముందు ఆ షీటు నిఖిల చేతిలో పెట్టాను. చదివింది. మంచి మాటల దగ్గర దాని మొహం చూసే ధైర్యం నాకు లేక గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. చివరికొచ్చి ఆ లోపం దగ్గర వేలు పెట్టింది.

“ఇది రాంగ్ నాన్నా.”

“పుస్తకంలో ఉందమ్మా. ప్రతి ఆటలోనూ ఉంది.”

“చూడటం కరెక్టే. గట్టు కాదు, నేను చూసేది నిన్ను. బాగా వేశానో లేదో నీ ఫేస్‌లో తెలుస్తుందని. నువ్వు ఎప్పుడూ కెమెరా వెనక ఉంటావు. ఫేస్ కనిపించదు.”

పెన్ను తీసుకుని ఆ మూడు వాక్యాలూ కొట్టేయబోతే, వద్దంది. ఒక సెకండు పోతున్నది నిజమేగా, ఉండనీ అంది.

ఇవాళ పొద్దున క్లబ్బులో వీళ్ళల్లో వీళ్ళకే రెండు జట్లుగా ఆట పెట్టారు. కెమెరా మాజిదా భర్త తాహెర్‌కి అప్పజెప్పి, నేను మైదానం గీత పక్కన ఉత్త చేతులతో నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. మూడో విసురుకే తప్పింది. మీదికి ఎవరో పరిగెత్తుకొస్తున్నా వెనక్కి వాలకుండా నిలబడి, సరిగ్గా ఖాళీగా ఉన్న పిల్లకే విసిరింది. ఆ పిల్ల చేతుల్లోంచి బంతి జారిపోయింది. నిఖిల నావైపు చూసింది.

నేను రెండు చేతులూ పైకెత్తి, “బాగా వేశావమ్మా! భలే వేశావు!” అని గొంతు చించుకుని అరిచాను. తెలుగులోనే. బంతేమో కింద దొర్లుతోంది, అక్కడున్నవాళ్ళంతా నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. నిఖిల తల దించేసుకుంది, నవ్విందో ఏమో కనపడలేదు.

ఆ తర్వాత ఆట అయిపోయేదాకా ఇంకో నాలుగు బంతులు తప్పాయి భానూ. అది ఒక్కసారి కూడా నావైపు చూడలేదు.

ఇట్లు,
పొగడ్డం ఇవాళే మొదలుపెట్టిన
నిఖిల నాన్న,
నీ వెంకటరాజు