పాట కింద మాట

మదనపల్లె,
14-9-1987.

చి.సౌ. మునిరత్నకు నాయన ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగున్నాము. నువ్వూ అల్లుడూ క్షేమమని తలుస్తాను. మీ మామ దొరస్వామి ఎట్లాగూ బాగుంటాడు. మాట తప్పినవాళ్ళకు నిద్ర బాగా పడుతుంది. కవరు అంటించిన చోట సంతకం చేశాను. అది చెదిరి ఉంటే నీకంటే ముందు ఆయన చదివాడని తెలుసుకో.

నీ జాబు అందింది. టీచరు ట్రైనింగు దరఖాస్తుకు గడువు నెలాఖరేననీ, "సదివిస్తానని నేనెప్పుడన్యా? మీ నాయన పెండ్లి సందడిలో ఏందో ఇన్యాడు" అని మామ అంటున్నాడనీ రాశావు. "నాయనా, నిజంగా విన్నావా?" అని అడిగావు. చెబుతాను. ముందు పుంగనూరు సంగతి చదువు.

నిన్ను చదివిస్తానని పెండ్లిలో దొరస్వామి మాట ఇచ్చినప్పుడు వీడియో లైటు మా ఇద్దరి మొహాల మీదే ఉండింది. సాక్ష్యం ఎక్కడికి పోతుందని, నీ పెండ్లి వీడియో తీసిన గంగులప్ప దగ్గరికి పుంగనూరు పోయాను. క్యాసెట్ వేశాడు. మీ మామ నోరు ఆడుతోంది, మాట లేదు. దాని మీద సినిమా పాట. అంతలో ఆయన తల చుట్టూ గంగులప్ప అతికించిన గులాబీ పువ్వు బొమ్మ విచ్చుకుంది.

"దొరస్వామి నీకెంత ఇచ్చినాడు?" అన్నాను.

"ఆయప్ప యెవురో నాకు తెల్దప్పా. యాడైనా ఇంతే. మాటలు తీసేసి పాటేస్తాం. పెండ్లిలో మాటలు యెవురికి కావాల?"

"నాకు కావాల."

"ముందే సెప్పాల్సింది. టీ తాగు."

నేను పూర్తిగా నమ్మలేదు. ఈ మోసానికి చరిత్ర ఉంది, చదివాను. మొదట్లో సినిమాలో నటించేవాళ్ళే పాడేవాళ్ళు. వాయించేవాళ్ళు కెమెరాకు కనబడకుండా చెట్టు చాటున దాక్కునేవాళ్ళు. తర్వాత గొంతు ఒకరిది, పెదవులు ఒకరివి అయ్యాయి. ఇప్పుడు టీవీలో కథను పారేసి పాటలు మాత్రం వేస్తున్నారు. పై దేశాల్లో పాట అమ్ముకోవడానికే బొమ్మ తీస్తున్నారట. చివరికి గంగులప్ప చేతిలో పెండ్లి కూడా పాటయింది. పెదవులు కదిలితే చాలు, ఏమన్నారో ఎవరికీ అక్కరలేదు. మీ మామకు తగిన కాలం.

ఇక నీ ప్రశ్న. నేను వినలేదమ్మా. రెండేళ్ళుగా నా చెవులు పోతున్నాయి. మీ అమ్మకు కూడా చెప్పలేదు. తెలిస్తే ప్రతివాడూ నా ఎదుటే నన్ను తిడతాడు. అందుకని పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్చుకున్నాను. ఆ రోజు మేళం హోరులో దొరస్వామి మాటను నేను చూశాను. క్యాసెట్‌లో మళ్ళీ చూశాను. పాట అందరికీ అడ్డం, నాకు కాదు. "కోడల్ని సదివిస్తా, నాదీ పూచీ" అంటోంది ఆ నోరు. ఒకసారి చెబితే ఆ పెదవుల మీద అందరికీ అదే కనబడుతుంది.

ఇంకొకటి కూడా చూశాను. తలంబ్రాలయ్యాక అల్లుడు నీ వైపు వంగి ఏదో అడిగాడు. అల్లుడి మొహం అటు తిరిగి ఉంది, ఏమడిగాడో తెలియలేదు. నీ జవాబు తెలిసింది. "సదువు ఆపితే మా నాయన ఊరుకోడు." అక్కడ మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పించాను. గంగులప్ప విసుక్కున్నాడు.

ఆదివారం క్యాసెట్ తీసుకొని కుప్పం వస్తాను. వీడియో ఉన్న ఇల్లు చూసిపెట్టు. మీ మామను ముందు వరసలో కూర్చోబెట్టు. ఆయన పెదవులకు గొంతు నేనిస్తాను. నీ పెదవులకు మాత్రం నువ్వే ఇవ్వాలి.

ఇట్లు,
ఊరుకోని
మీ నాయన.