అమ్మ పాతిన వెదురుకర్ర

తమ్ముడూ,

ఈ రోజు తోటకు నీళ్లు పెట్టకు. నువ్వు నిన్న పీకేసిన వెదురుకర్ర గుంట బంతిమడి అంచున ఇంకా కనిపిస్తోంది. తడిస్తే పూడిపోతుంది. చెత్తకుప్పలోంచి ఆ కర్ర తీసి, అదే గుంటలో నిటారుగా పాతు.

“అక్కా, తోటను అద్దంలా చేశాను, ఇకనైనా మెచ్చుకో” అన్నావు. నేను నేరుగా లోపలికి వెళ్లి తలుపేసుకున్నాను.

ముందు కర్ర పాతకుండా అమ్మ ఒక్క చెట్టూ నాటలేదు. ఏడాది పొడవునా ఆ కర్ర నీడ ఎటు తిరుగుతుందో చూసేది. “నీడ చూసుకోకపోతే కింద పూలన్నీ నన్ను తిట్టిపోస్తాయే” అనేది. గేటు దగ్గర పొగడ, వెనక జామ, వాటి చుట్టూ పూలమళ్లు, ఇన్నేళ్లుగా అన్నీ అలా వేసినవే. ఈ కర్రను ఆసుపత్రికి వెళ్లే ముందు పాతింది. తిరిగి రాలేదు. అప్పట్నుంచి ఆ నీడను నేను చూస్తున్నాను. వచ్చే వానలకు అక్కడ మొక్క నాటాలి. ఇదంతా నీకు తెలియదు, నిజమే. పీకే ముందు ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేది?

సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి ఇంట్లోనే ఉండు. స్నేహితులంటూ జారుకోకు. నిన్ను నోరారా తిట్టాలి.

అక్క

అక్కడ ఏ చెట్టు పెట్టాలనుకుందో అమ్మ నాకు చెప్పలేదు. ఆసుపత్రిలో తన పక్కన పడుకున్నది నువ్వే కదా, నీకేమైనా చెప్పిందా?