పింజ చెవి వెనక

జూన్ 3, మంగళవారం

మేనత్తకి నిన్న కంటి ఆపరేషన్ అయింది. రెండు వారాలు వంగకూడదు, బరువెత్తకూడదు, కుక్క బొచ్చు దరిదాపులకి రాకూడదు. అందుకని నన్ను పిలిపించారు. మా ఇంట్లో చదువైపోయి ఖాళీగా ఉన్నది నేనొక్కదాన్నే. నాలుగు జతల బట్టలు, ఆరు పుస్తకాలు తెచ్చుకున్నాను.

నా డ్యూటీ: కంట్లో చుక్కలు రోజుకి నాలుగుసార్లు. పింజని దువ్వడం ఒకసారి.

పింజ అత్తయ్య కుక్క. పదకొండేళ్ళది. ఒళ్ళంతా తెల్లటి పొడుగు వెంట్రుకలు, నేలదాకా. ఎత్తితే బరువే ఉండదు. మామయ్య దాన్ని మేడమ్ అంటాడు. మేడమ్‌గారికి రోజూ జరిగే ముస్తాబు తన పెళ్ళిలో తనకి కూడా జరగలేదట.

ముందుగదిలో పింజా నేనూ. లోపలి గదిలో నల్ల కళ్ళద్దాలతో అత్తయ్య. మధ్యలో ఒక కర్టెన్.

జూన్ 4

దువ్వాను. పది నిమిషాలు పట్టింది. మెరిసిపోతోంది. మామయ్య చూసి నాకు ఉద్యోగం పర్మనెంట్ అన్నాడు. నన్నెవరైనా మెచ్చుకుంటే ఎటు చూడాలో తెలియదు. కుక్కని చూశాను.

జూన్ 6

టీ తాగుతూ మామయ్య ఒక సంగతి చెప్పాడు. రెండేళ్ళ కిందట వీళ్ళిద్దరూ నెల రోజులు ఊళ్ళో లేరు. పింజని చూసుకుంటానన్న పక్కింటావిడ తిండి బాగానే పెట్టింది, దువ్వడం మర్చిపోయింది. వచ్చేసరికి వెంట్రుకలు అట్టకట్టాయి. మొత్తం షేవ్ చేయాల్సి వచ్చింది. గులాబీరంగు చర్మంతో పింజ కుట్టుమిషన్ వెనక దూరి మూడు రోజులు బయటికి రాలేదు. తిండి ముట్టలేదు. అత్తయ్య ముప్పై ఏళ్ళు స్కూలు యూనిఫారాలు కుట్టిన మనిషి. దానికి ఓ చిన్న చొక్కా కుట్టి, మిషన్ పక్కన నేలమీద కూర్చుని బతిమాలిందట. రాలేదు.

అప్పట్నుంచి అత్తయ్య ఒక్కరోజు కూడా దువ్వడం మానలేదు. ఆపరేషన్‌కి బయల్దేరే ముందు కూడా దువ్వి, చేతులు కడుక్కుని, అప్పుడు చెప్పులేసుకుందట.

మామయ్య ఇదంతా వెక్కిరింపుగానే మొదలుపెట్టాడు. చివరికి వచ్చేసరికి వెక్కిరింపు లేదు.

జూన్ 9, సోమవారం

పింజ వాసనేస్తోంది. స్నానం చేయించాను. బాల్కనీలో ఎండకి ఆరబెట్టి దువ్వాను. బ్రష్ జర్రున జారింది.

కర్టెన్ అవతల నుంచి అత్తయ్య రోజూ అడుగుతుంది, ఎలా ఉందని. బాగుందంటాను. ఇవాళా అన్నాను.

నా తల కూడా పైపైన దువ్వి జడ బిగించేశాను. హాస్టల్లో నేర్చుకున్న విద్య. వార్డెన్ సిస్టర్ వచ్చే వేళకి పాపిడి తిన్నగా ఉంటే చాలు, కింద ఏముందో చూడరు. మెడ దగ్గర ఒక ముడి ఎప్పట్నుంచో ఉంది. వేలికి తగులుతుంది. వదిలేస్తాను.

జూన్ 12, గురువారం. ఉదయం 11

రాత్రిదాకా ఆగలేను, ఇప్పుడే రాస్తున్నాను.

వీధి చివర కుక్కల పార్లర్ ఆవిడ వచ్చింది. అత్తయ్యని చూసి పోదామని వచ్చానంది. పొట్టిగా ఉంటుంది, మాట తక్కువ. వెళ్తూ వెళ్తూ ముందుగదిలో ఆగి పింజ చెవి పైకెత్తింది. సంచిలోంచి స్టీల్ దువ్వెన తీసి చెవి వెనక పెట్టింది. దువ్వెన బొటనవేలంత దూరం వెళ్ళి ఆగిపోయింది. ముందుకాలి చంకలో పెట్టింది. అక్కడసలు దిగనేలేదు.

నా వేలు పట్టుకుని అక్కడ ఆనించింది. పైన సిల్కు. కింద కంబళి ముక్క.

నేను ఎనిమిది రోజులు దువ్వింది పైపొరని. పైగా చిక్కు తీయకుండా నీళ్ళు పోశాను. నీళ్ళు తగిలి ఆరితే చిక్కు బిగుసుకుంటుందట. గొంతు తగ్గించి చెప్పింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

రెండే దార్లట. షేవ్ చేసేయడం. లేదా రోజుకి రెండుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున, వేళ్ళతో విడదీయడం. అంతకంటే ఎక్కువసేపు ఈ వయసు కుక్క ఓర్చుకోలేదు. బుధవారం డాక్టర్ సరేనంటే అత్తయ్య దాన్ని ఒళ్ళోకి తీసుకుంటుంది, ఈలోపే అయిపోవాలి.

రెండోదే అన్నాను. అత్తయ్యకి చెప్పొద్దని కూడా అన్నాను. ఆవిడ నన్ను ఒక క్షణం చూసి, సాయంత్రం వస్తానంది.

అదే రోజు, సాయంత్రం 6

ఆవిడ చేతులు. వాటి గురించి రాయకపోతే నిద్రపట్టదు.

పింజని పక్కకి పడుకోబెట్టింది. ఎడమ అరచేత్తో వెంట్రుకలన్నీ పైకి నెట్టి పట్టుకుంది. కింద ఒక్క వరస మాత్రం వదిలింది. ఆ వరసని కుదురు నుంచి చివరిదాకా దువ్వింది. తర్వాత ఇంకో వరస వదిలింది. మధ్యలో గీతలా చర్మం కనిపిస్తూనే ఉండాలట, కనిపించకపోతే దొంగపని చేస్తున్నట్టేనట. పుస్తకంలో ఒక్క పేజీ కూడా దాటేయకుండా చదివినట్టుంది. నేను ఎనిమిది రోజులు అట్టలు తుడిచాను.

చిక్కు దగ్గరికి వచ్చాక దువ్వెన పక్కన పెట్టింది. చిక్కుకీ చర్మానికీ మధ్య రెండు వేళ్ళతో కుదురు గట్టిగా పట్టుకుంది. లాగిన లాగుడంతా తన వేళ్ళకే తగలాలి, కుక్కకి కాదు. అప్పుడు చివర్నుంచి కొంచెం కొంచెంగా విప్పింది. పింజ కళ్ళు మూసుకుంది.

తర్వాత నా చేత చేయించింది. తను చేస్తే ఒకటి రెండు పూటల్లో అయ్యేదాన్ని నాకెందుకు వదిలిందో తెలీదు.

జూన్ 13

ఎడమ చెవి. చిటికెనవేలి గోరంత విడింది.

జూన్ 14

కుదురు వదిలేసి లాగాను. పింజ కుయ్యిమంది. కరవలేదు. తల తిప్పి నా మణికట్టుని నాకింది. కరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

కర్టెన్ అవతల అత్తయ్య దగ్గింది. ఎలా ఉందని అడగలేదు. గురువారం నుంచీ అడగడం లేదు.

జూన్ 16, సోమవారం

రెండు చెవులూ అయ్యాయి. తెచ్చుకున్న పుస్తకాలు ఒక్కటీ తెరవలేదు.

చంక చూడాలంటే అది ముందుకాలు ఎత్తాలి. ఇవాళ నేను కూర్చోగానే అదే ఎత్తింది. ఎవరూ చెప్పలేదు. అలా ఎత్తి గోడవైపు చూస్తూ పడుకుంది, నన్ను సిగ్గుపడనివ్వకుండా. ఇంత మర్యాద నేను మనుషుల్లో తక్కువ చూశాను.

జూన్ 17

కుడి చంకలో ఒక ముద్ద మిగిలింది. నా వల్ల కాలేదు. పార్లర్ ఆవిడ వచ్చి కత్తెర మొనని చర్మానికి ఎదురుగా కాకుండా వెంట్రుకల వెంబడే బయటివైపుకి నడిపి, ముద్దని నిలువునా మూడుగా చీల్చింది. మిగతాది నేను విప్పాను. మామయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు. ఒక్క జోకు వేయలేదు.

తర్వాత స్టీల్ దువ్వెన. చెవి నుంచి తోకదాకా ఎక్కడా ఆగలేదు.

జూన్ 18, బుధవారం

డాక్టర్ సరేనన్నాడు. అత్తయ్య ఇంటికొచ్చి చీర కూడా మార్చుకోకుండా కుర్చీలో కూర్చుంది. పింజ ఒక్క గెంతు గెంతి ఒళ్ళోకెక్కింది. అత్తయ్య వేళ్ళు సూటిగా ఎడమ చెవి వెనక్కి వెళ్ళాయి. తర్వాత చంక. ఏమీ దొరకలేదు.

ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలియదు. కానీ ఆ వేళ్ళు అలా వెతుకుతుంటే నా నోరు దానంతటదే తెరుచుకుంది. పైపైన దువ్వడం, స్నానం, అబద్ధాలు, అన్నీ చెప్పేశాను. చివర్లో ఏడ్చాను కూడా.

అత్తయ్య పింజ వీపు నిమురుతూ విని, చాలా మామూలుగా అంది.

"పైపైన జారే బ్రష్‌కి చప్పుడుండదే. కుదురుదాకా వెళ్తే గీరుతుంది. నాకు ఆపరేషన్ చేసింది కంటికి, చెవులకి కాదు."

వారం పాటు వేచి చూసిందట, నేనే చెబుతానని. స్నానం చప్పుడు విన్నాక కూడా నేను నోరు విప్పకపోయేసరికి ఇంక ఆగలేక పార్లర్‌కి ఫోన్ చేసిందట. నువ్వు చేయకు, పిల్ల చేత చేయించమని చెప్పిందట.

నన్నే సూటిగా ఎందుకు అడగలేదని అడిగితే, బాగుంది అంటావుగా అంది. మీ నాన్నా అంతే, చిన్నప్పుడు కాల్లో మేకు దిగినా బాగుందనేవాడంది.

జూన్ 19. ఉదయం 7

రేపు మా ఇంటికి. అత్తయ్య నన్ను తన ముందు నేలమీద కూర్చోమంది. కొత్త దువ్వెన తీసింది. జడ విప్పింది. పై జుట్టంతా ఎత్తి పట్టుకుని కింద ఒక్క వరస వదిలింది.

మెడ దగ్గరికి వచ్చి ఆగింది.

పింజ నా ఎదురుగా కూర్చుని చూస్తోంది. నేను గోడవైపు చూశాను.

అత్తయ్య రెండు వేళ్ళతో కుదురు పట్టుకుంది.