నెట్ పెట్టె మీది పచ్చ లైటు

అమ్మాయీ, నెట్ బాగుచేసే అతను వచ్చి పెట్టె నుంచి నీ కంప్యూటర్‌కి నీలం వైరు లాగి వెళ్ళాడు. దాన్ని పీకొద్దు. గాల్లో వచ్చే నెట్ ఫోన్లకి చాలట, నీ పనికి వైరే మేలట. పాస్‌వర్డు మార్చాడు. క్యాలెండర్ వెనక రాయించాను.

రోజూ నీ మీటింగు మధ్యలో నెట్ పోతోందని కంపెనీని తిట్టావు. తప్పు వాళ్ళది కాదు. "రోజూ ఒంటిగంటకి ఎవరో స్విచ్చి కట్టేస్తున్నారు తాతా, పెట్టెలో తెలిసిపోతోంది" అన్నాడు ఆ నెట్ అతను. కట్టేసేది నేనే. అన్నం తిని హాల్లో నడుం వాల్చితే ఆ పచ్చ లైటు మిణుకుమంటుంది. ఆసుపత్రిలో చివరి రోజుల్లో మీ అత్తయ్య తలాపున ఉన్న మిషనుకీ అలాంటి లైటే. నీ పైగదికి నెట్ వేరే ఉందనుకున్నాను. ఉద్యోగం పోయేలా ఉందని నిన్న నువ్వు ఏడిస్తే గానీ మనిషిని పిలవలేదు.

నెట్ ఆగకుండా లైటు ఒక్కటే ఆరిపోయే సెట్టింగు ఉందట. పెట్టించాను. ఇక స్విచ్చి ముట్టుకోను.

సైకిల్ కొట్టుకి పోతున్నాను. కూర పొయ్యి మీద ఉంది, వేడి చేసుకో.

అన్నట్టు, మీ పెద్దసారుకి నా నంబరు ఇవ్వు. నెట్ కట్టేసింది నేనేనని నేనే చెబుతాను. నువ్వు చెబితే సాకనుకుంటాడు.