నీళ్లు తాగనివాడు చెప్పిన వాకబు

జహీరాబాద్,
ఆదివారం సాయంత్రం.

అమ్మ తర్వాత అమ్మవై నన్ను ఎత్తుకు పెంచిన అప్పకు, తమ్ముడు సూర్యం నమస్కారాలు.

నేను బాగున్నాను. ఉత్తరం విప్పగానే నువ్వు వెతికేది ఈ మాటేనని తెలుసు కనుక ముందే రాశాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావ చుట్టలు మానేశాడా, మానేశానని చెబుతున్నాడా? పిల్లలు బడికి సరిగ్గా పోతున్నారా?

ఫోనులో ‘ఆఁ’, ‘ఊఁ’ తప్ప నేను మాట్లాడనని నీకు కోపం. నిజమే. అవతల మనిషి వింటున్నాడంటే నాకు మాట రాదు. రోజూ లెక్కలు రాసే చేయి కనుక కాగితం మీదైతే కాస్త కదులుతుంది. పోయినసారి నువ్వు, ‘అక్కడి మనుషులు ఎలాంటోళ్లురా?’ అని అడిగావు. ‘మంచివాళ్లే’ అని ఊరుకున్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు. ఇప్పుడు రాస్తాను.

పని అల్లం మండీలోనే. కొత్త అల్లం దిగే రోజులివి. రాయికోడ్, న్యాల్‌కల్ వైపు నుంచి బస్తాలు వస్తున్నాయి. చొక్కాకూ దిండుకూ అల్లం వాసనే. ఇక్కడి ఎండ మన పార్వతీపురం ఎండలా చెమట పట్టించదు, మనిషిని ఆరబెడుతుంది. జొన్నరొట్టె అలవాటైంది. అన్నం ఒక పూటే. కడుపునిండా తింటున్నాను, బెంగ పెట్టుకోకు.

నేను అద్దెకుండే గది రత్నమ్మగారిది. ఆవిడ ఒకప్పుడు మిషన్ దవాఖానలో ఆయాగా చేసింది. భర్త పోయాడు. ఒక్కడే కొడుకు, ప్రభాకర్. ఆఫ్రికాలో కాంగో నది మీద తిరిగే సరుకు పడవలకు ఇంజన్లు బాగుచేస్తాడు. ఈమధ్య వాడు ఫోను చేసి, అక్కడి అమ్మాయిని పెళ్లి చేసుకుంటానన్నాడు. అమ్మాయి పేరు బొలుంబు. అమ్మ ఒప్పుకుంటేనే చేసుకుంటాను, లేకపోతే లేదని కూడా అన్నాడు. ఆ చివరి మాటే ఆవిడను పడగొట్టింది. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. నా రొట్టె కూడా పోయింది.

సంబంధం వస్తే మనం ఏం చేస్తాం? ఆ ఊరు వెళ్లొచ్చినవాణ్ని పట్టుకుని వాకబు చేస్తాం. ఇక్కడా అంతే. కానీ కాంగో వెళ్లొచ్చినవాడు జహీరాబాదులో ఎక్కడ దొరుకుతాడు? ఆవిడకు మనిషి దొరకలేదు గాని, పెట్టె అడుగున ఒక పుస్తకం దొరికింది. దవాఖానలో పనిచేసిన తెల్ల డాక్టరమ్మ తన దేశానికి వెళ్లిపోతూ పంచిపెట్టిన సామానులోది. అట్ట లేదు, ముందు కాగితాలు లేవు. ఆ నది మీద పోయిన తెల్లవాడి కథ అని ఆ డాక్టరమ్మ ఎప్పుడో చెప్పిందట.

“సూర్యం బిడ్డా, నీకు ఇంగ్లీషు వస్తది గదా. జర చదివి తెలుగుల చెప్పు. ఆ పిల్ల తరపోళ్లు ఎసువంటోళ్లో తెల్వాలె. చెడ్డగుంటే దాచకు” అంది.

నా ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నది. సరేనన్నాక భయం వేసింది. అయినా రోజూ మండీ నుంచి వచ్చి స్నానం చేసి, దీపాలు పెట్టే వేళకు గడప దగ్గర కూర్చునేవాణ్ని. ఆవిడ చేతిలో ఏదో పని పెట్టుకుని వినేది. ఇన్నాళ్లలో ఇక్కడ నాకు సాయంత్రాలు బరువనిపించనిది అప్పుడే.

కథ చిన్నదే. ఏనుగు దంతాల కంపెనీ ఒకటి. దాని మనిషి ఒకడు, మహా గొప్పవాడని పేరు, నదికి ఎగువన ఎక్కడో చిక్కుపడి ఉంటాడు. అతన్ని వెతుక్కుంటూ ఇంకొకడు పొగ ఓడలో వెళ్తాడు. కానీ కథ నేరుగా నడవదు అప్పా. వెళ్లొచ్చిన మనిషి ఏళ్ల తర్వాత, వేరే నది మీద, వేరే పడవలో, చీకటిపడే వేళ స్నేహితులకు చెబుతుంటాడు. చెబుతూ ఆగిపోతాడు. చూసింది మాటల్లోకి రాదంటాడు. ఒక్కో వాక్యం మనల్ని పొగమంచులోకి తీసుకెళ్లి వదిలేస్తుంది. ఆ కాలానికి అదొక కొత్త పద్ధతి కావచ్చు. నాకు నచ్చింది. అన్నీ తెలిసినట్టు మాట్లాడనివాడంటే నాకు అభిమానం.

రత్నమ్మగారికి నచ్చలేదు.

“చెప్పలేను, చెప్పలేను అనుకుంటనే పొద్దుగూకినకాన్నుంచి చెప్తుండు గదా! మా ఆయన తాగొచ్చిన నాడు గిట్లనే చేస్తుండె.”

నాకు నవ్వాగలేదు. తర్వాత ఆ పుటలు ఎప్పుడు తిప్పినా ఆయనే గుర్తొస్తున్నాడు, నేను ఎన్నడూ చూడని ఆ పెద్దమనిషి.

మెడకు గొలుసులతో మట్టి మోసే మనుషులు, పనికిరాకుండా పోయి చెట్ల కింద ప్రాణం వదిలేవాళ్లు కథలోకి వచ్చిన రోజు మాత్రం ఆవిడ వేళాకోళం ఆడలేదు.

“గాళ్లకు జరమొచ్చిందా, ఆకలా? మందిచ్చేటోళ్లు లేరా?”

“చాకిరీ చేయించి వదిలేశారమ్మా. నాగరికత నేర్పుతామని వచ్చిన కంపెనీయే.”

“మరి చెప్పేటాయన ఏం జేసిండు?”

“ఒకడికి తినడానికి ఇంత పెట్టాడు.”

“పేరడిగిండా?”

“లేదమ్మా.”

రాసినవాడు కంపెనీని వెనకేసుకు రాలేదు. తనలాంటి తెల్లవాళ్ల దోపిడీని తన చేత్తోనే రాశాడు. అది చిన్న ధైర్యం కాదు. కానీ గట్టు మీది మనుషులు ఆ పుస్తకంలో అరుస్తారు, గంతులేస్తారు, చస్తారు. పొయ్యి దగ్గర కూర్చుని పిల్లల మీద విసుక్కోరు, ఎండిన చేపలకు కావలి కాయరు. నది పొడవునా ఒక్క ఇల్లు కూడా లోపలి నుంచి కనబడదు. ఆవిడ అడిగేవి ఇంటి సంగతులు. నేను చదివేవి గట్టు సంగతులు.

చివర్లో ఒక స్త్రీ గట్టు మీదికి వస్తుంది. ఒంటి నిండా నగలు. ఓడ ఆ కంపెనీ మనిషిని ఎక్కించుకుని కదులుతుంటే రెండు చేతులూ పైకెత్తి నిలబడుతుంది.

“ఏమన్నది?” చిక్కుడుకాయలు తుంచుతున్న ఆవిడ చేతులు ఆగాయి.

“ఏమీ అనలేదమ్మా.”

“అనలేదా, ఈయనకు సమజ్ గాలేదా?”

నేను పుట వెనక్కి తిప్పి చూశాను. “ఈయన రాయలేదు” అన్నాను.

ఆవిడ ఇంకో చిక్కుడుకాయ అందుకుని అంది: “మా డాక్టరు దొరసాని మంచిదే. కాన్పు జేసుడు నాకు ఆమెనే నేర్పింది. గని ఆయాలందర్నీ మేరీ అనే పిల్శేది. ఒక్కసారి పిలిస్తే ముగ్గురం ఉరికేటోళ్లం.” అని నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. చిక్కుడుకాయల గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

నేను చదివిన చదువు వల్ల ఆ పిల్ల పెళ్లి ఆగిపోతుందేమోనని ఆ రాత్రి పుస్తకం మళ్లీ తిరగేశాను. కొన్ని పుటలు వదిలేసి ఉండాల్సిందా అనిపించింది. కానీ దాచవద్దని ఆవిడ ముందే అంది కదా.

మర్నాడు నేను గడప దగ్గర కూర్చోగానే పుస్తకం నా చేతిలోంచి తీసుకుంది.

“ఈయన గా నది పొడుగూత పోయిండు. గని ఒక్కరింట్లనన్న గ్లాసెడు నీళ్లు తాగిండా?”

“లేదమ్మా.”

“గడప దొక్కిండా?”

“ఓడ దిగిందే తక్కువ.”

“మరి గసువంటోని మాట పట్టుకొని సంబంధం ఇడిచిపెడ్తమా? ఫోన్ కలుపు, పబ్బిగానికి.”

కలిపాను. ఆవిడ పబ్బి, అంటే ప్రభాకర్, అప్పుడు పిల్ల ఇంట్లోనే ఉన్నాడు; రెండిళ్ల మధ్య మాట అటూ ఇటూ మోశాడు. పిల్ల తల్లి పేరు ఎయెంగా. తండ్రి ఇలోంగా, చేపలు పడతాడు. ఏం వండుకుంటారంటే, చేపలు, ఆకుకూర అన్నాడు. “ఆకుకూర తింటరా?” అని రత్నమ్మగారు నా వైపు తిరిగిన తీరు చూస్తే, పెళ్లి సగం అయిపోయినట్టే అనిపించింది. అంతలో ఎయెంగా ఫోను అందుకుని గట్టిగా ఏదో అడిగింది. ప్రభాకర్ నవ్వుతూనే ఉన్నాడు.

“ఏందిరా, చెప్పు!”

“అమ్మా, నీ గురించి ఆమె గూడ వాకబు చేసిందంట. మన సినిమాలు ఈడ బాగ ఆడ్తయి. ఇండియాల అత్తలు కోడండ్లను సతాయిస్తరంట గదా, మీ అమ్మ గూడ గంతేనా అని అడుగుతుంది.”

రత్నమ్మగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగు తీసి, “నా ఇంటికొచ్చి నీళ్లు తాగి సూడుమను” అంది.

ప్రభాకర్, పిల్ల, పిల్ల తల్లి ముగ్గురూ వచ్చే నెల వస్తున్నారు. పిల్లకు మనవైపు నేత చీర పెట్టాలని నాకు ఉంది. పిల్ల పొడగరి అట, పన్నా ఎక్కువున్నది చూసి పంపు. రంగు నీ ఇష్టం. దాంతోపాటు మామిడి తాండ్ర కూడా. పోయినసారి నువ్వు పంపింది రత్నమ్మగారికి పెడితే, ‘చెప్పు తోలా ఇది?’ అని అడిగి మొత్తం తినేసింది.

ఇవాళ చర్చిలో మొదటి ప్రకటన జరిగింది. వీళ్లలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ఇద్దరి పేర్లూ, ఊళ్లూ, తండ్రుల పేర్లూ సభలో చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి అంటారు. నేనూ వెళ్లి వెనక బల్ల మీద కూర్చున్నాను. అయ్యగారు, అంటే పాస్టరుగారు, ప్రభాకర్ పేరు చదివారు. తర్వాత, “కాంగో నది ఒడ్డున నివసించు ఇలోంగా కుమార్తె బొలుంబు” అని చదివారు. కొన్ని తలలు తిరిగాయి. “ఎవరికైనా అభ్యంతరం ఉన్నయెడల ఇప్పుడే తెలుపవచ్చును.”

ఆడవాళ్ల వైపు నుంచి ఒకరు లేచారు. రత్నమ్మగారే.

“ఉన్నది అయ్యగారూ” అంది. “పిల్లను గన్న తల్లిని ఇడిచిపెట్టిన్రు. ఆమె పేరు ఎయెంగా. నా పేరు రత్నమ్మ. రెండు గలిపి మల్ల సదువుండ్రి.”

అయ్యగారు కళ్లద్దాలు సర్దుకుని, మొదటి నుంచి మళ్లీ చదివారు.

అప్పా, ఇక్కడి మనుషులు ఎలాంటివాళ్లని అడిగావు కదా. వీళ్లింట్లో నీళ్లు తాగినవాణ్ని కనుక రాశాను. అయినా నా మాట పట్టుకోకు. పెళ్లికి నువ్వే వచ్చి చూడు.

బావకు నమస్కారాలు, పెద్దమ్మ పాదాలకు నా మొక్కులు, పిల్లలకు ముద్దులు. నన్ను దీవించే చేత్తోనే ఆ పిల్లనూ దీవించు.

నీ తమ్ముడు,
సూర్యం