చీటీలో లేని సగం

3 జనవరి

ఎవరైనా ఇది చదివితే ముందే చెబుతున్నాను, నా అక్షరాలకు క్షమించండి. ఐదో తరగతితో బడి మానేశాను. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. నోటితో చెప్పలేనివి రాసుకుంటే మనసు తేలికవుతుందని రాస్తున్నాను. పెళ్లయి రెండేళ్లయినా అత్త మల్లమ్మ ముందు నా గొంతు పైకి రాదు. ఆమె మంచిదే. నాకే బిడియం.

కొత్త సంవత్సరం కూడికకు అత్త ఈసారి మన ఎమ్మిగనూరు చర్చికి రాలేదు. తెలిసినవాళ్లతో ఆదోనిలో స్వస్థత మీటింగుకు పోయింది. అక్కడి ప్రసంగీకుడు జబ్బున్నవాళ్లందరి చేతా డబ్బాలోంచి వాగ్దానం చీటీ తీయించాడట. మాకు వాగ్దానం చీటీ అంటే ఆ ఏడాదంతా దేవుడు మనతో చెప్పే మాట. గోడకు అంటించుకుంటాం.

అత్తకు చదువు రాదు. నా చేత చదివించింది. మందులు తెచ్చుకొనుట వ్యర్థమే అని ఉంది. అత్త సంతోషంతో ఏడ్చింది. సూడు మ్మే, దేవుడు నాతోనే సెప్పినాడు, ఇంక షుగర్ మాత్రలు యాలకు అన్నది. మాత్రలు చేతిలో పట్టుకుంటే మనసులో అనుమానం ఉన్నట్టేనని ఆ ప్రసంగీకుడు కూడా అన్నాడట. మాత్రల డబ్బాను నా చేతే అటక మీద పెట్టించింది.

5 జనవరి

ఈ రోజూ మాత్ర వేసుకోలేదు. పాటలు పాడుకుంటూ హుషారుగా ఉంది. నేనే పదేపదే అటక వైపు చూశాను.

9 జనవరి

అత్త మాటిమాటికీ నీళ్లు తాగుతోంది. చెప్పు కరిచిన బొటనవేలు మానడం లేదు. పక్క వీధిలో ఒకామెకు ఇట్లాగే మొదలై పాదం తీసేశారు. నా భయం అదే.

మా ఆయన తిరుపాల్ ఆదోనిలోని పత్తి జిన్నింగ్ మిల్లు నుంచి రాగానే చెప్పాను. ఆయన పోయి అడిగితే, నువ్వు దేవుని కంటే పెద్దోనివైతివా అప్పా అన్నది అత్త. ఆయన తిరిగి నా దగ్గరికొచ్చి, చీటీ సదివింది నువ్వే కదా, ఇంగేదన్నా సదివి నువ్వే సెప్పు అన్నాడు. బాగుంది, చదవడం వచ్చిన పాపానికి.

11 జనవరి

దొరికింది. రోగులకే వైద్యుడు కావాలని యేసయ్యే అన్నాడు, మత్తయిలో. పగలంతా పక్కింటి నాగవేణక్క మగ్గానికి నూలు కండెలు చుడుతూ అదే తలుచుకుని సంతోషపడ్డాను. ఏం మ్మే, మొగుడు సీర తెస్తానన్యాడా, నీలో నువ్వే నవ్వుకుంటాండావు అని అక్క ఎగతాళి చేసింది.

సాయంత్రం అత్తకు వినిపించే ముందు ఒకసారి తీసి చూసుకున్నాను. పైనా కిందా ఉన్న వరుసలు కూడా చదివాను. పాపులతో కూర్చుని భోంచేస్తున్నాడని తప్పుపట్టిన వాళ్లకు ఆయన ఇచ్చిన జవాబు అది. షుగర్ మాట కాదు. చదివి వినిపిస్తే అత్త నమ్మేదేమో. కానీ వేరేవాళ్లతో అన్న మాటను అత్తకు అంటగట్టినట్టయ్యేది. బైబిలు మూసేశాను.

16 జనవరి, గురువారం

స్త్రీల కూడిక అయ్యాక మా చర్చి పాస్టరు సామ్సన్ అయ్యగారిని అడిగాను. తల ఎత్తకుండా అడిగాను, కానీ అడిగాను. ఆయన ఆదోని ఆయన్ను ఒక్క మాట అనలేదు. ప్రార్థన సేయండి, నూనె రాయండి, మాత్ర కూడా వేయండి, అన్నీ దేవుడిచ్చినవే కదమ్మా అన్నారు. మీరే ఇంటికొచ్చి చెప్పండి అంటే ఒప్పుకోలేదు. నేను సెప్తే ఆ అయ్యకు ఈ అయ్య పోటీ అనుకుంటాది మల్లమ్మ, చీటీ కింద అధ్యాయం అంకె ఉంటాది, అది తీసి పైనుంచి సదువు, ఎవరు ఎవరితో సెప్పిన మాటో సూడు అన్నారు.

17 జనవరి

చీటీ కింద చీమల్లాంటి అక్షరాలతో ఉంది. యిర్మీయా 46:11.

అత్త వేరుశనక్కాయలు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చున్నాను. చీటీ మాట మొత్తం సదువుతాను అత్తా అంటే, సదువు, మళ్లా ఇంటే మంచిదే కదా అన్నది. అధ్యాయం మొదటి నుంచి కూడబలుక్కుంటూ చదివాను. ఐగుప్తు రాజు, గుర్రాలు, ఓడిపోయే సైన్యం. అత్త ఆవులించింది. ఆ వాక్యం వచ్చింది. దాని మొదట్లోనే ఉంది, ఐగుప్తు కుమారీ, కన్యకా అని.

అత్త చేయి ఆగిపోయింది. మళ్లా సదువు అన్నది. చదివాను. ఎవరు కన్యక, ముగ్గురు బిడ్డల్ని కన్నదాన్ని నేనా అన్నది. నాకు నవ్వొచ్చింది. ఆమె ముందు పైకి నవ్వడం ఇదే మొదలు. ఆమె కూడా నవ్వింది. ఐగుప్తు కూతురెవరో నాకేం తెలుసు, నేను బెళగల్ ఊరి కూతుర్ని అన్నది.

తర్వాత గిలాదుకు పోయి గుగ్గిలం తెచ్చుకో అని ఉంది. గుగ్గిలమంటే మందే కదా, తెచ్చుకోమనే అంటాండాడు దేవుడు అన్నది. అవునంటే పని అయిపోయేది. కాదత్తా, అది ఎత్తిపొడుపు, నువ్వెన్ని మందులు తెచ్చుకున్నా నీ దెబ్బ మానదని ఆ దేశాన్ని అంటాండాడు, మన మాత్రల గురించి వేసుకోమనీ లేదు, వద్దనీ లేదు అన్నాను. అంత పొడవు మాట అత్తతో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆమె ఇంకో గుప్పెడు కాయలు ఒలిచింది. అయితే దేవుడు నాతో ఏం సెప్పనట్టేనా అన్నది.  ఆమె పక్కకు జరిగి నేనూ ఒలిచాను.

18 జనవరి

పొద్దున్నే అత్త, వద్దని కూడా సెప్పలేదు కదా అంటూ అటక మీది డబ్బా దింపమంది. మాత్ర చేతిలో పెట్టుకుని కళ్లు మూసి ప్రార్థన చేసి మింగింది.

27 జనవరి

వేలు ఎండుతోంది. ఆసుపత్రిలో కట్టు కట్టే సిస్టరు, ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదని అరిచిందట. అరవనీలే, మంచికే కదా అంటోంది అత్త. గోడ మీది చీటీ ఆమే తీసేసి బైబిల్లో ఆ పేజీ దగ్గర పెట్టమంది. యాడిదాన్ని ఆడనే పెట్టు అన్నది.

2 ఫిబ్రవరి, ఆదివారం

అయ్యగారు చర్చిలో వాక్యం నన్ను చదవమన్నారు. లేచి నిలబడ్డాను. చూపించిన వరుస మొదలుపెట్టగానే వెనక నుంచి అత్త గట్టిగా, పైనుంచి సదువు మ్మే అన్నది. అందరూ నవ్వారు. పైనుంచి చదివాను.

3 ఫిబ్రవరి

ఈ పేజీలు ఎవరికైనా దొరికితే పొయ్యిలో వేయండి. వేసే ముందు మొత్తం చదవండి. సగం చదివి మాత్రం కాల్చొద్దు.